రీసేల్ ఫ్లాట్ కొని అందులోకి మారేదాకా: ఏ పని ముందు, ఏది తర్వాత

"అడ్వాన్స్ ఇచ్చేశాం. ఇప్పుడు ఏయే కాగితాలు చూసుకోవాలి?" ఇల్లు కొనేవాళ్లు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. అసలు ఆ కాగితాలన్నీ చూశాకే అడ్వాన్స్ ఇవ్వాలి. ఇళ్ల విషయంలో చాలామంది ఇరుక్కునేది ఏం చేయాలో తెలియక కాదు. చేయాల్సినవన్నీ చేస్తారు, వరుస మాత్రం తప్పుతారు. అందుకే ఇందులో ప్రతి పనినీ అది రావాల్సిన చోటే పెట్టాను. వరుస మార్చకండి.

ఇది ముఖ్యంగా హైదరాబాద్‌లో సొంతదారు దగ్గర రీసేల్ ఫ్లాట్ కొనేవాళ్ల కోసం. ఆంధ్రప్రదేశ్‌లో కొనేవాళ్లకు, బిల్డర్ దగ్గర కొత్తది తీసుకునేవాళ్లకు, విదేశాల నుంచి కొనేవాళ్లకు ఎక్కడ తేడా వస్తుందో అక్కడక్కడ చెప్పాను.

1. ఇల్లు చూడకముందే లెక్క వేసుకోండి

ఫ్లాట్ ధర 80 లక్షలు అనుకుందాం. బ్యాంకు అంతా ఇవ్వదు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల రుణానికి 80 శాతం వరకు, 75 లక్షలు దాటితే 75 శాతం వరకే అప్పు ఇస్తారు. అంటే ఇక్కడ గరిష్ఠంగా 64 లక్షలు. మిగతా 16 లక్షలు మీ చేతిలో ఉండాలి.

లెక్క అక్కడితో అయిపోదు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 కలిపి 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో విడివిడిగా 5, 1.5, 1 శాతం. కలిపితే అక్కడా 7.5 శాతమే. 80 లక్షల మీద ఇది 6 లక్షలు. ఈ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు కాబట్టి పూర్తిగా మీరే పెట్టుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. బ్యాంకు తన వాల్యూయర్ కట్టిన విలువ, మీ ఒప్పందం ధర, ఈ రెండింటిలో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. వాల్యూయర్ 74 లక్షలు అన్నాడంటే మీకొచ్చే రుణం 59 లక్షల చిల్లర. దాదాపు 5 లక్షలు అప్పటికప్పుడు వెతుక్కోవాలి. ఈ తేడా కోసం ముందే కొంత పక్కన పెట్టుకోండి.

చేతిలో ఉండాల్సిన డబ్బు:

☐ ధరలో మీ వాటా, వాల్యూయేషన్ తగ్గితే కట్టాల్సిన తేడా
☐ రిజిస్ట్రేషన్ ఖర్చులు
☐ మధ్యవర్తి కమిషన్ (ఎంతో ముందే మాట్లాడుకుని, వాట్సాప్‌లోనైనా రాసుకోండి)
☐ లాయర్ ఫీజు, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చు
☐ అసోసియేషన్ ట్రాన్స్‌ఫర్ ఫీజు, కార్పస్ ఫండ్ (భవనం పెద్ద ఖర్చుల కోసం అసోసియేషన్ దాచే నిధి) ఏమైనా ఉంటే అది
☐ రిపేర్లు, రంగులు, సామాన్ల తరలింపు
☐ ఇవన్నీ పోగా ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలు

చివరిది చాలామంది వదిలేస్తారు. నా మాటగా ఒకటి చెబుతాను. ఆరు నెలల డబ్బు మిగలకపోతే ఆ ఇల్లు మీ బడ్జెట్‌లో లేదన్నట్టే. కాస్త చిన్నది చూడండి, లేదా ఇంకో ఏడాది ఆగండి.

ధర మాట్లాడుకోకముందే సిబిల్ స్కోరు చూసుకుని, ఒకటి రెండు బ్యాంకుల్లో మీ ఆదాయానికి ఎంత రుణం వస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి.

2. ఫ్లాట్‌ను రెండుసార్లు చూడండి, రెండోసారి వేరే వేళలో

మొదటిసారి అందరం హాలు, కిచెన్, వెలుతురు చూస్తాం. రెండోసారి వెళ్లేటప్పుడు వీలైతే వాన పడ్డాక వెళ్లండి. లేదంటే ఉదయం ఏడు గంటలకు, నీళ్లు వాడే వేళకు వెళ్లండి.

బాత్రూమ్ గోడకు అవతలి వైపు, అంటే బెడ్‌రూమ్‌లో అల్మారా వెనక, కింది భాగంలో చెయ్యి పెట్టి చూడండి. చెమ్మ అక్కడే బయటపడుతుంది. గది మొత్తంలో ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి. కింది ఫ్లాట్ వాళ్ల తలుపు కూడా తట్టండి. మీ బాత్రూమ్ నుంచి వాళ్ల సీలింగ్‌లోకి నీళ్లు దిగుతుంటే, కొన్న మర్నాడే ఆ గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది.

నీళ్ల సంగతి అమ్మేవాళ్లను కాదు, వాచ్‌మన్‌ను అడగండి. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయి, బోరు ఎన్నాళ్లు పనిచేస్తుంది, జలమండలి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి అన్నవి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. వేసవిలో మెయింటెనెన్స్ ఎంత పెరుగుతుందో కూడా అక్కడే తెలుస్తుంది.

బిల్డింగ్ కింద నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. పైన పెంట్‌హౌస్ ఉంటే రాసుకోండి. తర్వాత ప్లాన్‌తో పోల్చాలి.

వాస్తు చూసే అలవాటు ఇంట్లో ఉంటే అది చూసే పెద్దాయన్ని ఇప్పుడే తీసుకెళ్లండి. టోకెన్ ఇచ్చాక "ఈశాన్యం తగ్గింది" అని ఇంట్లో వాదనలు మొదలైతే డబ్బు, మనశ్శాంతి రెండూ పోతాయి.

3. పైసా ఇవ్వకముందు చూడాల్సిన కాగితాలు

ఈ పనికి ఎంత సమయం పట్టినా పట్టనివ్వండి. "వేరే పార్టీ రేపే అడ్వాన్స్ ఇస్తానంటున్నాడు" అని మధ్యవర్తి తొందర పెడతాడు. ఇవ్వనివ్వండి. జిరాక్సులు ఇవ్వడానికి నసిగే ఓనరు దగ్గర కొనకపోవడమే మేలు.

*అమ్మేవాళ్ల సేల్ డీడ్.* ఒరిజినల్ కళ్లారా చూడాలి. దాని నంబరుతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసి, పేజీ పేజీ పోల్చాలి. ఒరిజినల్ పోయిందంటే పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన ఉన్నాయేమో అడగండి. ఇంకెక్కడైనా కుదువ పెట్టి పోయిందని చెబుతున్నారా అన్న కోణంలోనూ లాయర్ చేత చూపించండి.

*లింకు డాక్యుమెంట్లు.* స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కనీసం 30 ఏళ్ల గొలుసు తెగకుండా ఉండాలి. మధ్యలో ఒక్క డాక్యుమెంట్ లేకపోయినా "అది మామూలే సార్" అంటే ఒప్పుకోవద్దు.

*ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాల జాబితా).* తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఉన్న లావాదేవీలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసుకు వెళ్లాలి. ఒకే రకంగా వెతికి ఆగిపోకండి. డాక్యుమెంట్ నంబరుతో ఒకసారి, ఇంటి నంబరుతో ఒకసారి, స్థలం సర్వే నంబరుతో ఒకసారి తీయండి. ఫ్లాట్ మీద తనఖా లేకపోయినా, కింద స్థలం మీద ఉండొచ్చు. అయితే రిజిస్టర్ కానివి ఈసీలో కనిపించవు. కోర్టు కేసులు, నోటరీ అగ్రిమెంట్లు, కాగితాలు ఎవరి దగ్గరో కుదువ పెట్టి తెచ్చిన చేబదుళ్లు అందులో రావు. ఈసీ శుభ్రంగా ఉంటే సగం పని అయినట్టే, మొత్తం కాదు.

*డెవలప్‌మెంట్ అగ్రిమెంట్.* మన దగ్గర అపార్ట్‌మెంట్లు ఎక్కువగా స్థలం ఓనరు, బిల్డర్ కలిసి కట్టినవే. ఎవరికి ఏ ఫ్లాట్లు అన్నది సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో ఉంటుంది. మీరు కొనే ఫ్లాట్ ఓనరు వాటాలోదా, బిల్డర్ వాటాలోదా చూడండి. దాన్ని మొదటిసారి అమ్మింది ఆ హక్కు ఉన్నవాళ్లేనా అన్నది కూడా చూడండి. లాయర్లు తప్ప కొనేవాళ్లు దాదాపుగా అడగని కాగితం ఇది. నా ఉద్దేశంలో ఈసీ తర్వాత దీనికే ఎక్కువ విలువ.

*మంజూరైన ప్లాన్, అనుమతి పత్రం, ఓసీ (భవనంలో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్).* మీరు లెక్కపెట్టుకున్న అంతస్తులు ప్లాన్‌లో ఉన్నాయా? ఫ్లాట్ నంబరు ఉందా? హైదరాబాద్‌లో అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణంలో పది శాతం వరకు మున్సిపాలిటీ పేర తనఖా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే విడిపిస్తారు. మీ ఫ్లాట్ ఆ పది శాతంలో ఉంటే విడుదల కాగితం తప్పకుండా చూడాలి. ఇక భవనాల క్రమబద్ధీకరణకు దరఖాస్తు చేశామని రసీదు చూపిస్తే, అది దరఖాస్తు మాత్రమే, అనుమతి కాదు.

*నిషేధిత జాబితా.* రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన) భూముల జాబితా రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్లలోనూ ఉంటుంది. సర్వే నంబరు కొట్టి చూడండి.

*చెరువు హద్దు.* 2024 జూలైలో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పాటయ్యాక ఈ భయం అందరికీ తెలిసింది. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న వాటికి 9 మీటర్లు బఫర్ జోన్. నాలాలకూ వాటి వెడల్పును బట్టి వదలాల్సిన దూరం ఉంటుంది. దగ్గర్లో చెరువు గానీ కుంట గానీ ఉంటే హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులో సర్వే నంబరు చూసుకోండి. "ఇరవై ఏళ్లుగా ఉంటున్నాం, ఎవరూ రాలేదు" అన్న మాట రుజువు కాదు.

*అమ్మే హక్కు ఎవరిది?* తండ్రి పోయాక వచ్చిన ఫ్లాటైతే వారసులందరి సంతకాలు కావాలి. ఆడపిల్లలకు పెళ్లప్పుడే ఇచ్చేశామని చెప్పి అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టబోతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు 1985 సవరణతోనే వాటా వచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తికి వీలునామా లేకపోయినా కూతుళ్లు వారసులే. అక్కచెల్లెళ్లు సంతకం పెట్టనిదే ముందుకు వెళ్లకండి.

*జీపీఏ (ఓనరు తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) మీద అమ్మకం.* కేవలం జీపీఏ, నోటరీ అగ్రిమెంట్లతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. ఓనరు తరఫున జీపీఏ ఉన్న మనిషి రిజిస్టర్డ్ సేల్ డీడ్ చేయొచ్చు. కానీ మామూలుగా ఓనరు చనిపోతే ఆ అధికారమూ పోతుంది. అందుకే ఓనరుతో వీడియో కాల్‌లోనైనా మాట్లాడండి. రద్దు చేయలేదని, ఇప్పటికీ అమలులో ఉందని రాసి ఇమ్మనండి.

*యూడీఎస్.* స్థలంలో మీ వాటా ఎన్ని గజాలో సేల్ డీడ్‌లో ఉంటుంది. అందరి వాటాలూ కలిపితే మొత్తం స్థలాన్ని మించకూడదు. ముప్పై ఏళ్ల తర్వాత బిల్డింగ్ పడగొట్టి కట్టాల్సి వస్తే మీకు మిగిలేది ఆ గజాలే. పార్కింగ్ నంబరు కూడా డీడ్‌లో ఉండాలి.

మిగతావి త్వరగా అయిపోతాయి:

☐ ఇంటి పన్ను తాజా రసీదు, పీటీఐఎన్ (ఇంటి పన్ను గుర్తింపు) నంబరు
☐ కరెంటు బిల్లు, నీటి బిల్లు బకాయిలు లేకుండా
☐ అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న లేఖ
☐ ఓనరు ఆధార్, పాన్ (పేరు డీడ్‌లో ఉన్నట్టే ఉందా)
☐ సెర్సాయ్ (బ్యాంకు తనఖాలు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ) సైట్‌లో ఆస్తి పేర బ్యాంకు తనఖా వెతుకులాట

ఇవన్నీ మీ లాయర్‌కు ఇచ్చి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. మీ లాయర్ అంటే మధ్యవర్తి చూపించినవారు కాదు. "బ్యాంకు లీగల్ చూస్తుంది కదా" అనుకుంటారు. బ్యాంకు తన అప్పు వసూలవుతుందా అని చూస్తుంది. పక్కింటివాళ్లతో పార్కింగ్ తగాదా ఉందా అన్నది దానికి పట్టదు.

4. టోకెన్, అగ్రిమెంట్

ఇప్పుడు డబ్బు. ముందు చిన్న మొత్తం టోకెన్‌గా, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద అంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు.

"సగం వైట్, సగం బ్లాక్" అంటే వద్దనండి. చట్టం సంగతి అలా ఉంచితే, నష్టం మీకే. డీడ్‌లో తక్కువ రాస్తే రుణం తగ్గుతుంది. రేపు మీరు అమ్మేటప్పుడు లాభం ఎక్కువగా కనిపించి పన్ను పెరుగుతుంది. మధ్యలో అమ్మకం రద్దయితే నగదుగా ఇచ్చినదానికి రుజువే ఉండదు.

టోకెన్ రసీదులోనే రెండు షరతులు రాయించండి: టైటిల్‌లో (యాజమాన్య హక్కులో) లోపం తేలితే పూర్తిగా వాపసు, ఆస్తి కాగితాల వల్ల రుణం రాకపోతే పూర్తిగా వాపసు.

అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌లో ఉండాల్సినవి:

☐ మొత్తం ధర, ఇచ్చింది, ఇవ్వాల్సింది, తేదీలు
☐ రిజిస్ట్రేషన్ గడువు (బ్యాంకు రుణం ఉంటే 60 నుంచి 90 రోజులు పెట్టించుకోండి)
☐ ఎవరు వెనక్కి తగ్గితే ఎవరికి ఎంత
☐ ఫ్లాట్‌తో పాటు వదిలి వెళ్లేవి పేరుపేరునా: ఏసీలు, గీజర్లు, మాడ్యులర్ కిచెన్, ఇన్వర్టర్, ఫ్యాన్లు
☐ ఖాళీ చేసి తాళం ఇచ్చే తేదీ, అద్దెకున్నవాళ్లు ఉంటే వాళ్లను ఖాళీ చేయించే బాధ్యత
☐ ఆ తేదీ వరకు బిల్లులు, పన్నులు ఎవరివి
☐ వారసులందరూ, సహ యజమానులందరూ సంతకం

పాత ఫ్లాటైతే స్థానిక పత్రికలో పబ్లిక్ నోటీసు ఇవ్వండి. ఖర్చు పెద్దగా ఉండదు. దాగి ఉన్న అభ్యంతరం ఏదైనా ఉంటే మిగతా డబ్బు ఇవ్వకముందే బయటికొస్తుంది.

బిల్డర్ దగ్గర కొత్తది కొనేవాళ్లు ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. స్వాధీనం ఇచ్చిన ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం చూపిస్తే 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాల్సింది బిల్డరే. రెరా నంబరు రాకముందు ప్రీలాంచ్ పేరుతో, యూడీఎస్ పేరుతో అమ్మేవాటి జోలికి వెళ్లకండి.

5. అమ్మేవాళ్లకు పాత లోన్ ఉంటే

ఇది చాలా మామూలు విషయం, భయపడక్కర్లేదు. డబ్బు ఏ ఖాతాకు వెళ్తోందన్న దాంట్లోనే జాగ్రత్త అంతా.

మొదట వాళ్ల బ్యాంకు నుంచి బాకీ ఎంత ఉందో తెలిపే లేఖ, బ్యాంకు దగ్గరున్న ఒరిజినల్స్ జాబితా తెప్పించండి. ఆ జాబితాలో లేని ఒరిజినల్ ఏదైనా ఉంటే అది ఎవరి దగ్గరుందో అప్పుడే తేల్చండి.

తర్వాత బాకీ డబ్బు నేరుగా ఆ లోన్ ఖాతాకే వెళ్లాలి. మీ బ్యాంకు ఇచ్చినా, మీ చేతి డబ్బు ఇచ్చినా అంతే. "నా సేవింగ్స్‌లో వేయండి, నేను కట్టేస్తా" అంటే కుదరదని చెప్పండి.

లోన్ మూసేశాక తనఖా విడుదల డాక్యుమెంట్ రిజిస్టరై, ఈసీలో కనిపించేదాకా పని అయినట్టు కాదు.

6. టీడీఎస్

ధర గానీ, ప్రభుత్వ విలువ గానీ 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) కొనేవాళ్లే కోయాలి. ఇది అదనపు ఖర్చు కాదు. 80 లక్షల ఫ్లాటుకు 80,000 కోసుకుని, మిగతాది అమ్మేవాళ్లకు ఇస్తారు. కోసిన నెల ముగిశాక 30 రోజుల్లోగా ఆదాయపు పన్ను పోర్టల్‌లో కట్టి, సర్టిఫికెట్ వాళ్లకు ఇవ్వాలి. విడతలుగా డబ్బు ఇస్తే ప్రతి విడతలోనూ కోయాలి. భార్యాభర్తలు కలిసి కొంటే ఇద్దరూ విడివిడిగా కట్టాలి.

అమ్మేవాళ్లు ఎన్నారై అయితే ఈ ఒక శాతం లెక్క వర్తించదు. 50 లక్షల పరిమితీ ఉండదు, కోయాల్సింది చాలా ఎక్కువ. వాళ్ల పాస్‌పోర్టు, నివాస స్థితి అగ్రిమెంట్‌కు ముందే అడిగి, చార్టర్డ్ అకౌంటెంట్‌తో లెక్క కట్టించండి. కోయకపోతే ఆ పన్నుకు ఆదాయపు పన్ను శాఖ మిమ్మల్నే పట్టుకుంటుంది.

7. రిజిస్ట్రేషన్

డ్రాఫ్ట్ రెండు రోజుల ముందే చేతికి రావాలి. ఆ రోజు ఆఫీసు మెట్ల మీద నిలబడి చదివితే తప్పులు కనబడవు. ఇంట్లో ఒకరు పాత డీడ్ పైకి చదువుతుంటే ఇంకొకరు కొత్త డ్రాఫ్ట్‌లో సరిచూడండి.

☐ పేర్లు, ఇంటిపేర్లు, తండ్రి లేదా భర్త పేరు ఆధార్‌లో ఉన్నట్టే
☐ ఫ్లాట్ నంబరు, అంతస్తు, ఇంటి నంబరు, పీటీఐఎన్
☐ సర్వే నంబరు, యూడీఎస్ గజాలు, ఎస్‌ఎఫ్‌టీ, పార్కింగ్ నంబరు
☐ స్థలానికి, ఫ్లాటుకు విడివిడిగా నాలుగు హద్దులు
☐ పాత డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం
☐ చెల్లింపుల వివరాలు, టీడీఎస్‌తో సహా

ఇంత పట్టుదల ఎందుకంటే, రిజిస్ట్రేషన్ తర్వాత తప్పు దొరికితే సవరణ దస్తావేజు రాయించాలి. దానికి అమ్మినవాళ్లు మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. డబ్బు ముట్టాక వాళ్లను రప్పించడం తేలిక కాదు.

స్టాంప్ డ్యూటీ డీడ్‌లోని ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఎక్కువదాని మీద పడుతుంది. చలానా ఆన్‌లైన్‌లో కట్టి, స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ రోజు ఇరువైపులవాళ్లు, ఇద్దరు సాక్షులు ఆధార్ ఒరిజినల్స్‌తో రావాలి. ఫొటోలు, వేలిముద్రలు అక్కడే తీస్తారు. వయసు మళ్లినవాళ్ల వేలిముద్రలు కొన్నిసార్లు పడవు, ఉదయం స్లాట్ తీసుకుంటే మళ్లీ ప్రయత్నించడానికి సమయం ఉంటుంది.

అమ్మేవాళ్లు ఎదురుగా ఉండగానే ఇంకో పని చేసుకోండి. కరెంటు మీటరు పేరు మార్పిడికి, సెక్యూరిటీ డిపాజిట్ బదిలీకి, నీటి కనెక్షన్‌కు, అసోసియేషన్‌కు కావాల్సిన కాగితాల మీద సంతకాలు ఆ రోజే తీసుకోండి.

విదేశాల్లో ఉండి కొనేవాళ్లు ఇక్కడ ఎవరికైనా స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. జీపీఏ అవసరం లేదు, ఈ ఒక్క ఫ్లాటుకే పరిమితం చేయండి. భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన ఆ పత్రం ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించుకోవాలి. ఆ తర్వాతే రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకోండి.

8. పేర్లు మార్పించడం: ముందు కరెంటు, తర్వాత ఆధార్

డాక్యుమెంట్ చేతికొచ్చిన వారంలో ఈసీ మళ్లీ తీయండి. మీ పేరు చివరి ఎంట్రీగా కనిపించాలి.

☐ ఇంటి పన్నులో పేరు (తెలంగాణలో రిజిస్ట్రేషన్‌తో పాటే మ్యుటేషన్ అవుతుంది, అయినా పీటీఐఎన్‌తో సరిచూసుకోండి)
☐ కరెంటు మీటరు: హైదరాబాద్‌లో టీజీఎస్‌పీడీసీఎల్, ఆంధ్రలో మీ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ
☐ జలమండలి క్యాన్ (నీటి కనెక్షన్) నంబరు మీద పేరు
☐ అసోసియేషన్ సభ్యత్వం, కార్పస్ ఫండ్ బదిలీ లేఖ
☐ గ్యాస్ కనెక్షన్, ఇంటర్నెట్
☐ ఆధార్ చిరునామా, దానికి రుజువుగా కొత్త కరెంటు బిల్లు
☐ ఓటరు చిరునామా, ఫారం 8తో
☐ బ్యాంకు, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, ఆరోగ్య బీమా

కరెంటు బిల్లు మీ పేర వస్తే మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి.

9. సామాను రాకముందు రిపేర్లు

సామాను వచ్చాక గోడ పగలగొడితే దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. ఒక నెల అద్దె అదనంగా కట్టాల్సి వచ్చినా, ఖాళీ ఇంట్లో పని చేయించుకోవడమే మంచిది.

వరుస ఇది: ముందు ప్లంబింగ్, వాటర్‌ప్రూఫింగ్. తర్వాత కరెంటు పని. ఆ తర్వాత చెక్కపని. చివరగా రంగులు, శుభ్రం. రంగులు వేశాక ఏసీ పాయింట్ కోసం గోడ తవ్వడం అందరి ఇళ్లలోనూ జరుగుతోంది. కరెంటు మేస్త్రీ వచ్చినప్పుడే ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, వాటర్ ప్యూరిఫయర్, వైఫై ఎక్కడ పెడతారో గోడ మీద సుద్దతో గీసి చూపించండి.

బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తే టైల్స్ వేయకముందు డ్రెయిన్ మూసి 24 నుంచి 48 గంటలు నీళ్లు నిలపండి. కింది ఫ్లాట్‌లో చెమ్మ రాకపోతేనే టైల్స్ వేయనివ్వండి. మేస్త్రీ తొందరపెడితే ఆగమనండి.

ఎర్తింగ్ పరీక్ష, ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్), గీజర్ వైరింగ్ తప్పకుండా చూపించండి. తాళం మార్చండి. పాత తాళంచెవులు ఎంతమంది దగ్గరున్నాయో అమ్మినవాళ్లకే గుర్తుండదు.

10. గృహప్రవేశం, సామాన్ల తరలింపు

గృహప్రవేశం ఒక రోజు, సామాన్లు ఇంకో రోజు పెట్టుకోండి. ముహూర్తానికి పాలు పొంగించి, పూజ చేసుకుని, ఆ రాత్రి అక్కడ నిద్ర చేస్తే చాలు. రిపేర్లు మిగిలి ఉన్నా ఇబ్బంది లేదు. ఆషాఢానికి ముందు, మూఢం మొదలయ్యే ముందు చివరి ముహూర్తాలకు అందరూ ఒకేసారి ఎగబడతారు. పురోహితుడు, వంటవాళ్లు, లారీ అన్నీ కష్టమవుతాయి. ముహూర్తం తేదీ ఖాయమైన రోజే వీళ్లందరినీ మాట్లాడేసుకోండి. ముహూర్తం దగ్గరపడిందని రిజిస్ట్రేషన్ కాని ఇంట్లో మాత్రం పాలు పొంగించకండి.

ప్యాకర్స్‌కు ఫోన్‌లో "డబుల్ బెడ్‌రూమ్ సామాను" అని చెప్పి తీసుకున్న రేటు నిలవదు. ఇంటికొచ్చి లేదా వీడియోలో చూసి, రాసి ఇచ్చిన కొటేషనే తీసుకోండి. అందులో ప్యాకింగ్, లోడింగ్, దించడం, పై అంతస్తు చార్జీ, మంచాలు విప్పి బిగించడం, జీఎస్టీ అన్నీ ఉండాలి. మొత్తం ముందే కట్టకండి. దించడం పూర్తయ్యాక ఇచ్చేలా గణనీయమైన మొత్తం ఆపండి. వేరే ఊరికైతే ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ పాలసీ కాగితం మీ చేతికి రావాలి, నోటిమాట కాదు.

☐ రెండు అపార్ట్‌మెంట్లలోనూ లిఫ్ట్ వాడకం అనుమతి, వేళలు
☐ లారీ లోపలికి వచ్చే గేటు ఎత్తు, పగటిపూట భారీ వాహనాల ఆంక్షలు
☐ పెట్టెలకు నంబర్లు, ఏ గదిలోకో పెద్ద అక్షరాలతో
☐ టీవీ, ఫ్రిజ్, చెక్క సామాను ఫొటోలు తరలింపుకు ముందే
☐ ఫ్రిజ్ ముందు రోజే ఆపి, నీళ్లు తుడిచి
☐ బంగారం, సేల్ డీడ్, సర్టిఫికెట్లు, మందులు మీ కారులోనే
☐ మొదటి రాత్రికి విడి సంచి: దుప్పట్లు, బకెట్, చార్జర్లు, స్టవ్, అన్నం గిన్నె, పిల్లల బట్టలు

పాత అద్దె ఇంటి ఓనరుకు అగ్రిమెంట్‌లో ఉన్నంత ముందుగా వాట్సాప్‌లో లేదా మెయిల్‌లో నోటీసు పెట్టండి. ఖాళీ చేశాక గోడలు, మీటరు రీడింగ్ వీడియో తీసి, తాళం ఇచ్చే రోజే అడ్వాన్స్ లెక్క తేల్చుకోండి.

11. వరుస ఇప్పటికే తప్పి ఉంటే

*అడ్వాన్స్ ఇచ్చేశారు, కాగితాలు చూడలేదు.* మిగతా డబ్బు ఆపండి. మూడో అంచెలోని జాబితా మొత్తం ఇప్పుడు చేయండి. వాపసు షరతులతో అగ్రిమెంట్ రాయించుకోవడానికి ఇంకా అవకాశం ఉంది, గడువు దాటనివ్వకండి.

*టీడీఎస్ కోయలేదు.* రిజిస్ట్రేషన్ కాకపోతే చివరి విడతలో సర్దుకోవచ్చు, ఆలస్యానికి వడ్డీ మాత్రం పడుతుంది. అయిపోతే వడ్డీతో సహా వెంటనే కట్టండి. ఆలస్యమైన కొద్దీ పెరుగుతుంది.

*డీడ్‌లో తప్పు పడింది.* అమ్మినవాళ్లు అందుబాటులో ఉన్నప్పుడే సవరణ దస్తావేజు చేయించండి. "అమ్మేటప్పుడు చూసుకుందాం" అంటే అప్పటికి వాళ్లు ఎక్కడుంటారో తెలియదు.

*పాత ఓనరు మెయింటెనెన్స్ బకాయి బయటపడింది.* అగ్రిమెంట్‌లో రాసుంటే ఆ కాగితం పంపి అడగండి. రాయకపోతే అసోసియేషన్‌తో విడతల్లో మాట్లాడుకోవడమే మిగిలిన దారి.

12. ఫైలు

అన్ని కాగితాలూ ఒకే ఫైలులో పెట్టి, స్కాన్ చేసి, ఇంట్లో ఇంకొకరికి కూడా అందుబాటులో ఉంచండి. బ్యాంకుకు ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు ప్రతి డాక్యుమెంట్ పేరు, నంబరు, పేజీల సంఖ్యతో సంతకం, స్టాంపు ఉన్న జాబితా తీసుకోండి. లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లోగా ఆ ఒరిజినల్స్ అన్నీ బ్యాంకు తిరిగివ్వాలని, తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వ్ బ్యాంక్ 2023లో ఆదేశించింది. ఆ రోజున ఏమేం తిరిగి రావాలో చెప్పేది ఈ జాబితానే. దాని ఒరిజినల్‌ను ఫైలులో మొదటి కాగితంగా పెట్టండి.